మైఎస్‌క్యూఎల్‌లో తెలుగు పేర్లు పాడైతే: ముందు బైట్లు చూడండి, తర్వాతే రిపేరు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. కావలిలో రొయ్యల మేత దుకాణం ఖాతాల సాఫ్ట్‌వేర్. పాత సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.7, కొత్తదాంట్లో 8.0. డేటా మార్చాక రైతుల పేర్లు కొన్ని బాగానే ఉన్నాయి, కొన్ని వరసగా ప్రశ్నార్థకాలు అయ్యాయి, కొన్నిచోట్ల నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తున్నాయి. వివరాల కాలమ్‌లో ఎమోజీ పెడితే 1366 ఎర్రర్ వస్తోంది. ఒక టేబుల్ మారుస్తుంటే 767 బైట్లు దాటిందంటోంది. క్యారెక్టర్ సెట్ (ఏ బైట్లకు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ఏది పెట్టాలి, పాత పేర్లు వెనక్కి వస్తాయా అన్నది ప్రశ్న.

సెట్టింగ్ మార్చడం చిన్న పని. పేర్లు వెనక్కి తేవడం పెద్ద పని, అందులో తొందరపడితే బాగుచేయగలిగిన డేటా కూడా శాశ్వతంగా పోతుంది. అందుకే నెట్‌లో దొరికిన కన్వర్ట్ కమాండ్ ఏదీ ఇప్పుడే కొట్టబాకండి. పాత సర్వర్‌ని కూడా ఉన్నది ఉన్నట్టు ఉంచండి, పని అయిందనుకునేదాకా చెరపబాకండి. కింద కమాండ్లు పలికే తీరుగా తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో టైపు చేసుకోండి.

ముందుగా తెలుగు అక్షరం డిస్క్ మీద ఎట్లా ఉంటుందో తెలియాలి. యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టిక) తెలుగుకు హెక్స్ (16 అంకెల లెక్క) నంబర్లలో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా చోటు ఇచ్చారు. ఆ నంబర్లను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8, అందులో ఈ కోడ్‌లలో ప్రతిదానికీ 3 బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 గానీ బీ1 గానీ. అచ్చులు, హల్లులు, దీర్ఘం (ా), గుడి (ి) బీ0 కింద వస్తాయి. గుడిదీర్ఘం (ీ) నుంచి మిగతా గుణింతాలు, పొల్లు (్) బీ1 కింద వస్తాయి. మూడో బైటు అక్షరాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు 'న' అంటే ఈ0 బీ0 ఏ8. ఈ మూడు బైట్లనీ ఎవరైనా పశ్చిమ యూరప్ భాషల లాటిన్1గా చదివితే మొదటిది వాలుగీత ఏ, రెండోది ° లేదా ± అవుతుంది. మీ స్క్రీన్ మీద కనిపిస్తున్న చెత్త అదే. అది కనిపించిందంటే బైట్లు ఎక్కడో ఇంకా బతికే ఉన్నాయని అర్థం. ప్రశ్నార్థకాల విషయంలో అంత ధైర్యం చెప్పలేం.

స్క్రీన్‌ని నమ్మబాకండి, హెక్స్‌ని నమ్మండి. పాడైన పేరు ఒకటి, బాగున్న పేరు ఒకటి తీసుకుని ఇట్లా అడగండి: సెలెక్ట్ పేరు, హెక్స్(పేరు), లెంగ్త్(పేరు), చార్_లెంగ్త్(పేరు) ఫ్రమ్ రైతులు వేర్ ఐడీ = ఫలానా. పక్కనే షో క్రియేట్ టేబుల్ రైతులు కొట్టి ఆ కాలమ్ లాటిన్1 కిందుందో, యూటీఎఫ్8 కిందుందో, యూటీఎఫ్8ఎంబీ4 కిందుందో రాసుకోండి. ఈ రెండూ కలిపి చూస్తేనే జబ్బు తెలుస్తుంది.

హెక్స్ ఈ0బీ0 లేదా ఈ0బీ1 ముక్కలతో ఉండి, కాలమ్ యూటీఎఫ్8 లేదా యూటీఎఫ్8ఎంబీ4 అయితే డేటా నిక్షేపంగా ఉంది. చూపించేవాడిదే తప్పు: కనెక్షన్ సెట్టింగో, ఫాంటో. కనెక్షన్ లాటిన్1లో ఉంటే మంచి డేటా కూడా స్క్రీన్ మీద ప్రశ్నార్థకాలుగా వస్తుంది, ఎందుకంటే సర్వర్ తెలుగును లాటిన్1లోకి మార్చి పంపబోయి, మార్చలేక '?' పెడుతుంది. ఇట్లాంటప్పుడు 'పోయింది' అనుకుని మళ్ళీ టైపు చేయించే దుకాణాలు చాలా. డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అది ఫాంటు సంగతి, విండోస్‌లో గౌతమి, లినక్స్‌లో నోటో శాన్స్ తెలుగు ఉన్నాయేమో చూసుకోండి.

హెక్స్ ఈ0బీ0 తోనే ఉండి కాలమ్ లాటిన్1 అయితే, బైట్లు సరైనవి, కాలమ్‌కు పెట్టిన క్యారెక్టర్ సెట్ చీటీ మాత్రమే తప్పు. మూటలో బీపీటీ బియ్యం పోసి పైన వేరే చీటీ కుట్టినట్టు. మీ కేసులో బాగుపడే పేర్లలో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. పాత అప్లికేషన్ కనెక్షన్ లాటిన్1, టేబుల్ లాటిన్1, రెండూ ఒకటే కాబట్టి సర్వర్ ఏ మార్పూ చేయలేదు. బైట్లు వచ్చినవి వచ్చినట్టు లోపలికి వెళ్ళాయి, వెళ్ళినట్టే బయటికి వచ్చాయి. బ్రౌజర్ వాటిని యూటీఎఫ్-8గా చదివి తెలుగు చూపించింది. ఏళ్ళ తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త సర్వర్‌లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 కాగానే సర్వర్ తన పని తాను చేసింది: 'ఇది లాటిన్1 గదా' అని ఒక్కొక్క బైటునీ ఒక్కొక్క అక్షరంగా మార్చి పంపింది.

హెక్స్‌లో సీ3ఏ0సీ2బీ0 లేదా సీ3ఏ0సీ2బీ1 కనిపిస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. ఈ0 అనే బైటు సీ3 ఏ0గా, బీ0 అనేది సీ2 బీ0గా మారి కూర్చున్నాయి. 3 బైట్ల 'న' 6 బైట్లు అయింది. కొన్ని అక్షరాలకు 7 కూడా అవుతాయి: 'క' మూడో బైటు 95, దానికి లాటిన్1లో బుల్లెట్ గుర్తు, ఆ గుర్తుకు యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఇది కూడా బాగవుతుంది.

హెక్స్‌లో వరసగా 3ఎఫ్3ఎఫ్3ఎఫ్ ఉంటే అక్కడ నిజంగానే ప్రశ్నార్థకాలు భద్రపరచి ఉన్నాయి. అసలు పేరు ఆ వరసలో (రో) లేదు. కనెక్షన్ సరిగ్గా యూటీఎఫ్8 అయి, కాలమ్ లాటిన్1 అయి, స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉన్నప్పుడు ఇట్లా జరుగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే 1366 ఎర్రర్ ఇచ్చి ఆగేది, లేకపోతే వార్నింగ్ ఒకటి పడేసి '?' రాసేస్తుంది. దీనికి బ్యాకప్పే దిక్కు, లేకపోతే చిట్టా పుస్తకం చూసి మళ్ళీ కొట్టడమే. ఒక్క సాయం మాత్రం ఉంది: ఒక్కో కోడ్‌కు ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. 'నెల్లూరు'కు ఎనిమిది, 'ఒంగోలు'కు ఆరు, 'శ్రీనివాసులు'కు పన్నెండు. పుస్తకంలోని పేరు ఈ వరసదేనా అని సరిచూసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది.

ఇక రిపేరు. చీటీ తప్పు కేసులో చాలామంది చేసే పని: ఆల్టర్ టేబుల్ రైతులు కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4. ఇదే కొంప ముంచేది. కన్వర్ట్ టు అంటే 'ఇప్పుడున్నది నిజంగానే లాటిన్1 అక్షరాలు, వాటిని మార్చు' అని చెప్పడం. సర్వర్ నమ్మి మారుస్తుంది, చీటీ తప్పు కాస్తా రెండుసార్ల ఎన్‌కోడింగ్ అవుతుంది. సరైన దారి బైనరీ మీదుగా వెళ్ళడం. మొదట ఆల్టర్ టేబుల్ రైతులు మాడిఫై పేరు వార్‌బైనరీ(100). దీంతో సర్వర్ చీటీ చింపేస్తుంది, బైట్లు తాకదు. తర్వాత ఆల్టర్ టేబుల్ రైతులు మాడిఫై పేరు వార్‌చార్(100) క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 నాట్ నల్. కొత్త చీటీ పడుతుంది. టెక్స్ట్ కాలమ్ అయితే బ్లాబ్ మీదుగా వెళ్ళండి. చార్ కాలమ్‌ని బైనరీకి మార్చబాకండి, చివర సున్నా బైట్లు నింపుతుంది, వార్‌బైనరీయే వాడండి. మాడిఫైలో నాట్ నల్, డిఫాల్ట్, కామెంట్ మళ్ళీ రాయకపోతే ఊడిపోతాయి. పాత షో క్రియేట్ టేబుల్ పక్కన పెట్టుకుని రాయండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లాటిన్1లో వార్‌చార్(100) అంటే 100 బైట్లు. అంటే తెలుగులో 33 కోడ్‌లు, పైన ఒక బైటు మిగులు. పొడవైన పేరు రాసినప్పుడు స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వర్ 100 దగ్గర కత్తిరించి, ఆఖరి అక్షరంలో ఒక్క బైటే ఉంచి ఉంటుంది. యూటీఎఫ్8ఎంబీ4 చీటీ పెట్టబోతే ఆ వరస దగ్గర 1366 వచ్చి ఆల్టర్ మొత్తం ఆగిపోతుంది. ముందే వేర్ లెంగ్త్(పేరు) = 100 అని వెతికి, ఆ వరసల తోక సరిచేసి, ఆ తర్వాత రెండో ఆల్టర్ కొట్టండి.

రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన వరసలకు ఇది: అప్‌డేట్ రైతులు సెట్ పేరు = కన్వర్ట్(క్యాస్ట్(కన్వర్ట్(పేరు యూజింగ్ లాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4) వేర్ హెక్స్(పేరు) రెగ్‌ఎక్స్‌పీ '^(..)*సీ3ఏ0సీ2బీ[01]'. లోపలి కన్వర్ట్ ఒక పొర విప్పుతుంది, క్యాస్ట్ చీటీ తీసేస్తుంది, బయటి కన్వర్ట్ సరైన చీటీ పెడుతుంది. ముందు ఇదే వాక్యాన్ని సెలెక్ట్‌గా మార్చి ఫలితం కళ్ళతో చూడండి. వేర్ షరతు తీసేయబాకండి. అది లేకుండా మంచి తెలుగు వరస మీద ఈ కమాండ్ పడితే తెలుగును లాటిన్1లోకి మార్చలేక ప్రశ్నార్థకాలు చేస్తుంది. అదే కమాండ్ రెండోసారి కొట్టినా అదే ప్రమాదం, షరతు ఉంటే రెండోసారి ఏమీ చేయదు.

ఈ పని మొత్తం సర్వర్ లోపలే చేయమని గట్టిగా చెబుతాను. డేటాను ఫైల్‌గా దించి, నోట్‌ప్యాడ్‌లాంటి ఎడిటర్‌లో ఎన్‌కోడింగ్ మార్చి, తిరిగి ఎక్కించే పద్ధతి తెలుగుకు ప్రత్యేకంగా హాని చేస్తుంది. కారణం చూడండి. విండోస్ వాడే 1252 కోడ్ పట్టికలో ఐదు ఖాళీ గళ్ళున్నాయి: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. కొమ్ము (ు) అంటే ఈ0 బీ1 81. పొల్లు (్) అంటే ఈ0 బీ1 8డీ. 'ఏ'కు చివరి బైటు 8ఎఫ్, 'ఐ'కి 90, 'ఝ'కు 9డీ. అంటే ఆ పట్టిక మీదుగా నడిచిన తెలుగులో మొదట పోయేవి కొమ్ములూ ఒత్తులూ. 'నెల్లూరు'లో పొల్లు పోతే రెండు 'ల'లు విడిపోతాయి, చివరి కొమ్ము పోతే 'ర' మిగులుతుంది. ఊరి పేర్లలో సగం 'రు', 'లు', 'డు'తో ముగిసే మన నెల్లూరు, ఒంగోలు, కందుకూరు వైపు డేటాకు ఇది ఎంత దెబ్బో ఆలోచించండి. మైఎస్‌క్యూఎల్ లోపలి లాటిన్1 మాత్రం 1252 లాంటిదే అయినా ఆ ఐదు గళ్ళనీ ఖాళీగా వదలకుండా అదే నంబరు కోడ్‌కు కట్టింది. అందుకే సర్వర్ లోపల విప్పితే ఒక్క బైటూ జారదు. పేర్లలో మిగతావన్నీ ఉండి కొమ్ములు, ఒత్తులు మాత్రమే లేకపోతే, ఎవరో ఇప్పటికే ఆ ఎడిటర్ ప్రయోగం చేశారని గ్రహించండి.

ఇప్పుడు సెట్టింగ్‌లు. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4, ఇందులో రెండో మాట లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అంటే అక్షరానికి 3 బైట్లకు మించని యూటీఎఫ్8ఎంబీ3. తెలుగుకు 3 చాలు కాబట్టి తెలుగంతా పడుతుంది, 4 బైట్ల ఎమోజీ రాగానే 1366 అంటుంది. మీ వివరాల కాలమ్ సంగతి అదే. 5.5.3 నుంచీ యూటీఎఫ్8ఎంబీ4 ఉంది, 8.0లో డిఫాల్ట్ అయింది. అయినా పాత టేబుళ్ళు పాత చీటీతోనే వస్తాయి, డిఫాల్ట్ మారితే అవి మారవు. ఆల్టర్ డేటాబేస్ కొడితే ఇకమీద పుట్టే టేబుళ్ళకే వర్తిస్తుంది. ఆల్టర్ టేబుల్‌లో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ అంటే ఇకమీద చేర్చే కాలమ్‌లకే.

సర్వర్ సెట్టింగ్‌ల ఫైల్ మై.సీఎన్ఎఫ్‌లో మైఎస్‌క్యూఎల్‌డీ కింద క్యారెక్టర్-సెట్-సర్వర్ = యూటీఎఫ్8ఎంబీ4, కొలేషన్-సర్వర్ = యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ. క్లయింట్ కింద డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్ = యూటీఎఫ్8ఎంబీ4. ఇంతటితో ఆగితే లాభం లేదు, అప్లికేషన్ కనెక్షన్ తన మాట తాను చెప్పాలి. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ అయితే సెట్_చార్‌సెట్('యూటీఎఫ్8ఎంబీ4') పిలవండి. ఉత్త సెట్ నేమ్స్ క్వెరీ కొడితే సర్వర్‌కు తెలుస్తుంది గానీ పీహెచ్‌పీ వైపు ఎస్కేప్ చేసే ఫంక్షన్‌కు తెలియదు. పీడీఓ అయితే డీఎస్‌ఎన్‌లోనే (కనెక్షన్ వివరాలు రాసే వాక్యం) చార్‌సెట్=యూటీఎఫ్8ఎంబీ4 రాయండి. కొందరు ఇనిట్_కనెక్ట్‌లో సెట్ నేమ్స్ పెట్టి ఊరుకుంటారు, సూపర్ హక్కున్న యూజర్‌కు అది నడవదు. కలిపాక అప్లికేషన్ నుంచే షో వేరియబుల్స్ లైక్ 'క్యారెక్టర్_సెట్_%' అడిగి, క్లయింట్, కనెక్షన్, రిజల్ట్స్ మూడూ యూటీఎఫ్8ఎంబీ4 ఉన్నాయో లేదో చూడండి. వర్క్‌బెంచ్‌లో అడిగితే వర్క్‌బెంచ్ కనెక్షన్ సంగతే తెలుస్తుంది. అదే జాబితాలో క్యారెక్టర్_సెట్_సిస్టమ్ వేరేగా, ఫైల్‌సిస్టమ్ బైనరీగా కనిపిస్తాయి, వాటిని కదిలించబాకండి.

767 ఎర్రర్ (1071) ఎందుకంటే, ఇండెక్స్ పరిమితిని సర్వర్ బైట్లలో లెక్కిస్తుంది, అక్షరానికి 4 చొప్పున కట్టుకుంటుంది. వార్‌చార్(255) అంటే 1020. పాత కాంపాక్ట్ రో ఫార్మాట్‌లో ఇండెక్స్ కాలమ్‌కు 767 మించకూడదు, డైనమిక్‌లో 3072 దాకా పోవచ్చు. 5.7, 8.0లలో కొత్తగా పుట్టిన టేబుళ్ళు డైనమిక్‌లోనే ఉంటాయి, అంతకు ముందు వెర్షన్ నుంచి మోసుకొచ్చినవి మాత్రం కాంపాక్ట్‌లో ఉండిపోతాయి. షో టేబుల్ స్టేటస్‌లో రో_ఫార్మాట్ చూసి, ఆల్టర్ టేబుల్ ... రో_ఫార్మాట్=డైనమిక్ కొట్టండి. నెట్‌లో 191కి తగ్గించమంటారు (191ని 4తో హెచ్చిస్తే 764), అది అవసరం లేని నష్టం.

కాలమ్ సైజు ఎంత పెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్(30)లో 30 అంటే బైట్లు కాదు, మనం కంటితో లెక్కపెట్టే అక్షరాలూ కాదు, యూనికోడ్ కోడ్‌లు. 'నెల్లూరు' కంటికి మూడు అక్షరాలు, సర్వర్‌కు ఎనిమిది కోడ్‌లు, డిస్క్ మీద 24 బైట్లు. జిల్లా అధికారిక పేరు 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' తీసుకోండి. కంటికి పది అక్షరాలే. చార్_లెంగ్త్ 31, లెంగ్త్ 87. జిల్లా కాలమ్‌కు వార్‌చార్(30) పెడితే మన జిల్లా పేరే పట్టదు, 1406 వస్తుంది. పేరుకు 100, ఊరికి 80, చిరునామాకు 300 పెడితే తెలుగులో ఇబ్బంది ఉండదు. అట్లాగని ప్రతిదానికీ 255 పెట్టబాకండి. 5.7లో తాత్కాలిక మెమరీ టేబుళ్ళలో పూర్తి పొడవు చొప్పున చోటు తీసుకుంటుంది. ఒక వరసలోని వార్‌చార్‌లన్నీ కలిపి 65,535 బైట్ల హద్దు కూడా ఉంది.

తెలుగు రాని కాలమ్‌లను యూటీఎఫ్8ఎంబీ4లో ఉంచాల్సిన పనే లేదు. జీఎస్‌టీ నంబరు (15), పాన్ (10), ఐఎఫ్‌ఎస్‌సీ (11), పిన్‌కోడ్ (6) లాంటివి క్యారెక్టర్ సెట్ ఆస్కీ పెట్టి చార్‌గా ఉంచండి. ఇండెక్స్ చిన్నదవుతుంది, ఎవరైనా పిన్‌కోడ్‌లో తెలుగు అంకెలు కొడితే స్ట్రిక్ట్ మోడ్‌లో అక్కడే దొరికిపోతుంది.

టేబుళ్ళ మధ్య ఫారిన్ కీ ఉన్న టెక్స్ట్ కాలమ్‌లుంటే ఒకవైపు మార్చగానే ఎర్రర్ వస్తుంది, రెండువైపులా ఒకే క్యారెక్టర్ సెట్, ఒకే కొలేషన్ (పోల్చే పద్ధతి) ఉండాలి. సెట్ ఫారిన్_కీ_చెక్స్ = 0 పెట్టి, రెండు టేబుళ్ళూ మార్చాకే తిరిగి 1 చేయండి. ఒకటే మార్చి మధ్యలో 1 చేస్తే క్యాస్కేడ్ డిలీట్‌లూ అప్‌డేట్‌లూ డేటాను పాడుచేయవచ్చు. స్టోర్డ్ ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు పుట్టినప్పటి క్యారెక్టర్ సెట్టునే గుర్తుపెట్టుకుంటాయి. వాటిని డ్రాప్ చేసి మళ్ళీ సృష్టించకపోతే 1267, అంటే కొలేషన్లు కలవలేదన్న ఎర్రర్, ఏ నెలాఖరు రిపోర్టులోనో బయటపడుతుంది.

కొలేషన్ అంటే పోల్చే, వరస పేర్చే పద్ధతి. జనరల్_సీఐ పాతది, 4 బైట్ల అక్షరాలన్నిటినీ ఒకటే అనుకుంటుంది, ఏ ఎమోజీ అయినా ఏ ఎమోజీకైనా సమానం. యూనికోడ్_సీఐ కూడా ఈ విషయంలో అంతే. 8.0లో 0900 కుటుంబం వాడండి. అయితే ఏఐ అంటే ఉచ్చారణ గుర్తుల తేడా పట్టించుకోనిది. కాబట్టి పేరు లేదా ఊరి మీద యునీక్ పెట్టే ముందు మీ సర్వర్‌లో సెలెక్ట్ 'కల'='కళ', 'పంట'='పట', 'కాకి'='కాకీ' లాంటి జంటలు మీరు వాడబోయే కొలేషన్‌తో వేసి చూడండి. వేర్వేరు మాటలకు 1 వస్తే ఆ కాలమ్‌కు 0900_ఏఎస్_సీఎస్ గానీ బిన్ గానీ పెట్టండి. బిన్ అయితే కోడ్ నంబరు వరసలో పేరుస్తుంది. అందులో 'ఱ' పోయి 'ర' పక్కన, 'ళ' పోయి 'ల' పక్కన చేరతాయి. వర్ణమాల వరస అది కాదు గానీ ఖాతా పుస్తకానికి సరిపోతుంది.

పాత కొలేషన్లు చివరి ఖాళీలను వదిలేసి పోల్చేవి, 0900 వాటిని లెక్కలోకి తీసుకుంటుంది. 'కావలి' పక్కన స్పేస్ ఉన్న వరసలు 5.7లో జాయిన్‌లో కలిసేవి, 8.0లో కలవవు. మార్చాక 'రైతులు తగ్గారు' అనిపిస్తే ముందు ట్రిమ్ చేయండి. దీనికంటే మాయదారిది కంటికి కనపడని జాయినర్ కోడ్. ఫోన్ కీబోర్డులు పొల్లుతో ముగిసే పేరు చివర 200సీ అనే కోడ్ వదులుతుంటాయి. 'రమేష్' ఒకచోట 15 బైట్లు, ఇంకోచోట 18, చూడ్డానికి ఒకటే. యూనికోడ్ కొలేషన్లలో ఈక్వల్ టు పెడితే కలుస్తుంది, లైక్‌కు, బిన్‌కు, పీహెచ్‌పీ పోలికకు కలవదు. మాట మధ్యలో అది కావలసిందే ('సాఫ్ట్‌వేర్'లో తీసేస్తే 'ట'కు 'వ' ఒత్తు పడుతుంది), చివర ఉన్నదే తీసేయాలి: ట్రిమ్(ట్రెయిలింగ్ _యూటీఎఫ్8ఎంబీ4 ఎక్స్'ఈ2808సీ' ఫ్రమ్ పేరు). ఐత్వం (ై) కూడా ఒకే కోడ్‌గా (0సీ48) గానీ రెండుగా (0సీ46, 0సీ56) గానీ రావచ్చు. అప్లికేషన్‌లో సేవ్ చేసేముందే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఇట్లాంటి జంటలను ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) చేయిస్తే సరి.

డేటా దించేటప్పుడు మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు --డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్=యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. విండోస్ పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్‌లోకి మళ్ళించబాకండి, అది యూటీఎఫ్-16లో రాసి డంప్‌ను పాడుచేస్తుంది. --రిజల్ట్-ఫైల్ వాడండి. 8.0 డంప్‌ను మరియాడీబీలోనో 5.7లోనో ఎక్కిస్తే 0900 కొలేషన్ తెలియదని 1273 రావచ్చు. డంప్‌లో ఆ పేరును యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐగా మార్చి ఎక్కించండి.

ఎక్సెల్ జాబితాలు ఎక్కించేవాళ్ళు మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అప్పుడే ప్రశ్నార్థకాలవుతుంది. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోవాలి. ఆ ఫైల్ మొదట ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు ఉంటాయి, శీర్షిక వరస ఉంచి ఇగ్నోర్ 1 లైన్స్ అంటే దానితోపాటే పోతాయి. లోడ్ డేటా సెట్ నేమ్స్‌ను పట్టించుకోదు, డేటాబేస్ డిఫాల్ట్‌ను చూస్తుంది. కమాండ్‌లోనే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 రాయండి.

మీ ఒంగోలు బ్రాంచిలో పోస్ట్‌గ్రెస్ ఉందన్నారు. దాంట్లో ఎన్‌కోడింగ్ డేటాబేస్ పుట్టినప్పుడే ఖాయం, తర్వాత మారదు. ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్8' టెంప్లేట్ టెంప్లేట్0 అని సృష్టించండి, ఎస్‌క్యూఎల్_ఆస్కీ మాత్రం వద్దు, అది ఏ బైటు పడేసినా నోరెత్తదు. విండోస్ నుంచి ఎక్కిస్తుంటే 'విన్1252లోని 0ఎక్స్81కి యూటీఎఫ్8లో సమానం లేదు' అన్న ఎర్రర్ వస్తే, అది పైన చెప్పిన కొమ్మే. ఫైల్ మంచిదే, క్లయింట్_ఎన్‌కోడింగ్ విన్1252లో ఉంది. సెట్ క్లయింట్_ఎన్‌కోడింగ్ టు 'యూటీఎఫ్8' అంటే దారిలో పడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగుకు విండోస్ కోడ్ పేజీయే లేదు కాబట్టి పాత వార్‌చార్ పనికిరాదు. ఎన్‌వార్‌చార్ పెట్టి, విలువ ముందు ఎన్ అక్షరం రాయాలి, మరిస్తే ప్రశ్నార్థకాలే. 2019 నుంచి యూటీఎఫ్8 కొలేషన్లు వచ్చినా, తెలుగు అక్షరానికి వాటిలో 3 బైట్లు, ఎన్‌వార్‌చార్‌లో 2. అక్కడ ఎన్‌వార్‌చారే మేలు. ఒరాకిల్‌లో ఏఎల్32యూటీఎఫ్8, వార్‌చార్2(100 చార్) అని చార్ మాట కలిపి రాయండి, లేకపోతే 100 బైట్లనుకుంటుంది.

ఇక కరపత్రాలు, పాత రసీదుల నుంచి తెచ్చిన పేర్లు కొన్ని ఉంటాయి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టినవి యూనికోడ్ కాదు. హెక్స్‌లో ఈ0బీ0 గానీ సీ3ఏ0సీ2బీ0 గానీ కనపడవు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి ఉంటాయి. ఏ క్యారెక్టర్ సెట్టూ వాటిని తెలుగు చేయలేదు. ఆ వరసలు విడిగా తీసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు ఒకసారి కళ్ళతో సరిచూసి, ఆ తర్వాత ఎక్కించండి.